వీరన్న డబుల్ బ్యారెల్

మీ గురించి రాస్తున్నానని చెప్పగానే మా ఇంటి ఓనరు వీరన్న అడిగిన మొదటి మాట, "మీసం గురించి రాస్తున్నరా టీచరమ్మా?" అని. రాయకపోతే ఎలా? జూలూరుపాడులో ఆ మీసానికి ఉన్నంత పలుకుబడి చాలామంది మనుషులకు లేదు. వీరన్న బ్యాంకులో గార్డు. పింఛను కోసం వచ్చే ముసలమ్మలు ముందు ఆ మీసానికి దండం పెట్టి, ఆ తర్వాతే లోపలున్న మేనేజరును కళ్ళెత్తి చూస్తారు. మేనేజరు బక్కపలచని కుర్రాడు. ఆయనకూ ఈ సంగతి తెలుసు. పాపం, సర్దుకుపోతున్నాడు.

నాది మధిర. పేరు నాగలక్ష్మి. ఇక్కడి ప్రాథమిక పాఠశాలకు బదిలీ మీద వచ్చి, వీరన్న ఇంటి మేడ మీద గదిలో కిరాయికి దిగాను. కింద వీరన్న, ఆయన భార్య ప్రమీల, తల్లి సక్రవ్వ, కూతురు ఉషారాణి ఉంటారు. ప్రమీల మిషను కుడుతుంది. ఉషారాణి నాలుగో తరగతి, నా క్లాసే. వాళ్ళ అసలు ఊరు ఇక్కడికి కొంత దూరంలో, అడవి అంచున ఉన్న ఒక తండా. నేను కనబడితే అందరూ మర్యాదగా తెలుగులోకి మారిపోతారు. సక్రవ్వ మాత్రం తిట్టాల్సి వస్తే లంబాడీలోనే తిడుతుంది. తెలుగులో తిడితే ఎక్కదట.

వీరన్న పదిహేడేళ్ళు మిలిటరీలో, ఆయన మాటలో ఫౌజులో, చేసి వచ్చాడు. వచ్చిన డబ్బుతో రోడ్డు పక్కన ఇల్లు కట్టాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నాడు. అది చూసే బ్యాంకులో కాపలా ఉద్యోగం ఇచ్చారు. తుపాకీ ఆయన సొంతం. అది ఉంటేనే ఉద్యోగం. అందుకే పొద్దున దాన్ని భుజాన వేసుకుని పోతాడు, సాయంత్రం భుజాన వేసుకుని ఇంటికి తెస్తాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే ముందు తుపాకీ బెల్టు సర్దుకుని, తర్వాత జవాబు చెబుతాడు.

ఇంతటి మనిషికి ఒక శత్రువు ఉంది. అది సెల్‌ఫోను. లోకంలో జరిగే చెడ్డంతా అందులోంచే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. తిరుమలాయపాలెంలో ఎవరో కుర్రాళ్ళు కొట్టుకున్నారంటే ఫోను వల్ల. బావమరిది పరీక్ష తప్పాడంటే ఫోను వల్ల. ఒక ఏడు పత్తికి తెగులు వస్తే కూడా సెల్ టవర్ వైపు అదోలా చూశాడు. ఉషారాణి, వాళ్ళ అమ్మ ఫోనులో కాల్పుల ఆట ఒకటి ఆడుతూ దొరికిపోయిన రోజునుంచి ఆ ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఫోన్లన్నీ బీరువాలోకి పోవాలి. బీరువా తాళంచెవి వీరన్న మొలతాడుకు ఉంటుంది. ప్రమీల వాళ్ళమ్మ ఫోన్ చేస్తే బీరువా మోగుతుంది. ప్రమీల బీరువా ముందు నిలబడి "ఇంట్లనే ఉన్ననమ్మా, కాని నీతోని మాట్లాడలేను" అని దానికే చెప్పుకుంటుంది.

బడిలో తల్లిదండ్రుల మీటింగు పెడితే వీరన్న మాట్లాడకుండా అది ముగియదు. "పిల్లలు ఫోన్ల కాల్చుడు ఆటలాడి ఖరాబైతున్రు. చంపుడంటే భయం లేకుంట అయితున్నది. తల్లిదండ్రులు ఏం జేస్తున్రు? కండ్లు మూస్కున్నరా?" అని గర్జిస్తాడు. ముందు వరసలో కూర్చున్న తల్లులు తమ ఫోన్లు కొంగుల కింద దాచుకుంటారు.

ఆయన మాట పూర్తిగా తప్పని నేను అనను. నా క్లాసులో పిల్లలు స్కేళ్ళతో ఒకరినొకరు కాల్చుకుంటారు. లెక్కల మధ్యలో ఎవడో ఒకడు దబ్బున చచ్చిపోతాడు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే లేచి, బతికున్న వాళ్ళందరికంటే ముందు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడతాడు. చూసి నవ్వుకుంటాం. కాని ఒక్కోసారి చంపడం గురించి వాళ్ళు మరీ తేలిగ్గా మాట్లాడతారు. ఫోన్ల వల్ల పిల్లలకు ఏమీ కాదని ప్రమాణం చేయమంటే నేను చేయను.

నా తగువంతా వేరే దాని గురించి. ఫోనుకు బీరువా ఉంది, తాళం ఉంది, మొలతాడు ఉంది. తుపాకీకి ఒక మేకు ఉంది. ముందు గది తలుపు వెనక గోడకు కొట్టిన మేకుకు అది వేలాడుతూ ఉండేది. తూటాలు దేవుడి గూట్లో, అగరుబత్తుల డబ్బాలో. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంటండీ వీరన్న గారూ, ఫోనేమో బీరువాలో, తుపాకీ తలుపు వెనకనా?"

"తుపాకీ ఏం జేస్తది టీచరమ్మా? ఖాళీగుంది. నేను లేకుంట మా ఉష ముట్టది. ఫౌజీ బిడ్డ. డిసిప్లిన్ ఉంటది."

లోపల మిషను ఆగింది. "ఫోన్ గూడ ఖాళీగనే ఉంది, చార్జింగ్ అయిపోయింది. మరి దానికెందుకయ్యా తాళం?" అంది ప్రమీల. వీరన్న మీసం సవరించుకున్నాడు. ఇంట్లో జవాబు లేని ప్రశ్నలన్నిటికీ ఆయన చెప్పే జవాబు అదే.

ఇక పొద్దుటి ముచ్చట. నేను పైనుంచి పళ్ళు తోముకుంటూ రోజూ చూసేదాన్ని. వీరన్న అరుగు మీద కూర్చుని తుపాకీని మడత పెట్టినట్టు మధ్యకు విరుస్తాడు. ఉషారాణి నూనె గుడ్డ పట్టుకుని పక్కన చేరుతుంది. ఆయన గొట్టాలను ఎండకేసి ఎత్తి పట్టుకుంటే తండ్రి ఒక గొట్టంలోంచి, కూతురు ఒక గొట్టంలోంచి ఆకాశం చూసేవారు. గొట్టంలో ఇంకా మసి ఉందో లేదో చెప్పాల్సింది ఉషారాణే. ఆమె ఉందంటే ఇంకోసారి గుడ్డ దూర్చాల్సిందే. చివర రెండు తూటాలు పెట్టి, టక్కున మూసి, మళ్ళీ విరిచి తీసేసేవాడు. "ఈ చప్పుడు మంచిగ రావాలె బిడ్డా. రాకుంటే మిషిన్ల ఏదో ఉన్నట్టు" అనేవాడు. ఉషారాణి తల ఊపేది. క్లాసులో ఎక్కాలు చెబితే ఆ పిల్ల అంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు. బ్యాంకు నుంచి అలిసిపోయి వచ్చాక వీరన్న కూతురితో పెద్దగా మాట్లాడేవాడు కాదు. పొద్దుటి ఆ కాసేపే వాళ్ళిద్దరిదీ. ఆయనకు అంతకన్నా ఇష్టమైన వేళ రోజు మొత్తంలో లేదని ఎవరికైనా ఇట్టే తెలిసేది.

దీపావళికి ఆమెకు బిళ్ళల తుపాకీ కొనిపెట్టేదీ ఆయనే. దాన్ని భుజానికి ఎలా ఆనించాలో, సావధాన్ అంటే ఎలా నిలబడాలో, విశ్రామ్ అంటే మడమను ఎంత జరిపి తుపాకీని ఎలా నేలకు దించాలో వాకిట్లో కవాతు చేయించేవాడు. ఫోనులో తుపాకీ అయితే పాపం, చేతిలో తుపాకీ అయితే పరేడ్. ఇది కూడా అన్నాను. "అది ఆట, ఇది విద్య" అన్నాడు.

దసరా వచ్చింది. వాళ్ళింట్లో ఆయుధ పూజకు ఒక పద్ధతి ఉంది, నేను ఇంకెక్కడా చూడలేదు. వీరన్న తండ్రి పూల్‌సింగ్ పెట్టిపోయిన పద్ధతట. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు పొద్దుటిదాకా కదలకూడదు. ఏడాదంతా పనిచేసింది కాబట్టి ఆ ఒక్క పూట పీట మీదే నిద్రపోవాలి. మంచి ఆలోచనే. కాని పూల్‌సింగ్ పీట మీద పెట్టింది గొడ్డలి, కొడవలి. అవి ఎంతసేపు నిద్రపోయినా ఎవరికీ నష్టం లేదు.

వీరన్న పీట మీద ప్రమీల కత్తెర, బండి తాళంచెవి, ఉషారాణి పుస్తకాలు, వీటన్నిటి మధ్య పెళ్ళికొడుకులా డబుల్ బ్యారెల్. దానికి తడి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. తూటాలను కూడా డబ్బాలోంచి తీసి, ఒక్కోదానికి బొట్టు పెట్టి దాని పక్కనే వరసగా నిలబెట్టాడు. హారతి అయ్యాక ప్రమీల, "పూజ అయిపోయింది గద, ఇగ తీసి బీరువాల పెట్టరాదు?" అంది.

"నిద్రపోతున్నది. లేపొద్దు" అన్నాడు వీరన్న, గొంతు తగ్గించి. నిజంగానే అది లేస్తుందేమోనన్నట్టు.

ఆ రోజు ఉషారాణి ఇంటికే పరిమితమైంది. బతుకమ్మ ఆడేటప్పుడు కాలు మడతపడి చీలమండ వాచింది. సాయంత్రం జమ్మి కోసం ఊరంతా కదిలితే, సక్రవ్వను మనవరాలి దగ్గర కాపలా ఉంచి మేం ముగ్గురం బయల్దేరాం. గుమ్మం దాటుతూ ప్రమీల వెనక్కి తిరిగి పీట వైపు చూసింది. "నేను ఉంట, మీరు పోయిరాండ్రి" అంది. "పండుగ పూట ఇంటామె ఇంట్ల కూసుంటదా? అమ్మ ఉంది గద" అని వీరన్న ఆమెను తొందరపెట్టాడు.

జమ్మి దగ్గర ఆయన హడావుడి చెప్పనలవి కాదు. ఎదురైన ప్రతివాడి చేతిలో ఆకు పెట్టి, గుండెలకు హత్తుకుని ఊపిరాడకుండా చేశాడు. చెట్టు ముందు ఫోటోలు దిగుతున్న కుర్రాళ్ళను ఆపి, పండుగ పూట కూడా వదలకుండా ఫోన్ల గురించి క్లాసు పీకాడు. ప్రమీల మాత్రం ఊరికే నిలబడలేకపోయింది. "జల్దీ పోదాం" అని మాటిమాటికీ అంటూనే ఉంది.

ఇంకా వెలుతురు ఉండగానే ఇంటికి వచ్చాం. వీరన్న ముందు, నేను, ప్రమీల వెనక. గుమ్మంలో అడుగుపెట్టి వీరన్న ఆగిపోయాడు. పీట మీద తుపాకీ లేదు. బంతిపూల దండ పక్కన తీసి పెట్టి ఉంది.

ఉషారాణి గోడకు ఆనుకుని, వాచిన కాలు చాపుకుని నేల మీద కూర్చుంది. తుపాకీ ఆమె ఒళ్ళో ఉంది. చేతిలో నూనె గుడ్డ. పసుపంతా తుడిచేసి నల్లగా మెరిపించింది. గొట్టాలు రెండూ ఎదురుగా మంచం మీద కునికిపాట్లు పడుతున్న సక్రవ్వ వైపు ఉన్నాయి. పీట మీద వరసలో రెండు తూటాలు తక్కువ ఉన్నాయి. ఆ సంగతి వీరన్న నాకంటే ముందు చూశాడు.

ఆ మనిషి గొంతు అంత చిన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. "బిడ్డా, గట్లనే ఉండు. కదలకు" అన్నాడు.

కాని ఉషారాణి తండ్రిని చూసిన సంబరంలో ఉంది. తుపాకీతో ఉన్నప్పుడు తండ్రి కనబడితే ఏం చేయాలో ఆమెకు ఆయనే నేర్పాడు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద లేచి, "సావధాన్!" అని అరిచి, తుపాకీని భుజానికి ఎత్తబోయింది. అది బిళ్ళల తుపాకీ కాదు, బరువుకు చేయి ఒరిగింది. గొట్టాలు సక్రవ్వ మీదినుంచి గోడ మీదికి, గోడ మీదినుంచి గుమ్మంలో ఉన్న ప్రమీల మీదికి తిరిగాయి. నేను అరుద్దామనుకున్నాను. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుందని నోరు మూసుకున్నాను.

"విశ్రామ్" అన్నాడు వీరన్న.

పిల్ల బుద్ధిగా తుపాకీ వెనక కర్రను నేలకు ఆనించింది. ఇప్పుడు గొట్టాలు ఆమె చెంప పక్కన ఉన్నాయి. వీరన్న ఆ గదిలో నాలుగడుగులు వేయడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. వెళ్ళి ఒక చేత్తో గొట్టాలను పక్కకు తిప్పి, రెండో చేత్తో దాన్ని తీసుకుని, మధ్యకు విరిచాడు. లోపల రెండు తూటాలు. రెండింటి మీదా పొద్దున ఆయన పెట్టిన కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి.

ప్రమీల కూతురిని లాక్కుని గుండెలకు అదుముకుంది. ఏం జరిగిందో తెలియక ఉషారాణి బిత్తరపోయింది. వీరన్న పీట పక్కన కూలబడ్డాడు. అంత భయంలోనూ ఆయన నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"ఏ ఫోన్ల చూసినవ్ ఇది?"

"ఫోన్ల ఎందుకుంటది డాడీ?" అంది ఉషారాణి, తల్లి చేతుల మధ్యనుంచి. "పసుపు తడికి తుప్పు పడతదని తుడిచిన. నువ్వు దినాం ఎట్ల జేస్తవో గట్లనే జేసిన. టక్కుమని చప్పుడు గూడ మంచిగనే వచ్చింది. మళ్ళ తీద్దామంటే నాకు విరుస్తానికి రాలే."

ఈ గొడవకు సక్రవ్వ కళ్ళు తెరిచింది. "పిల్ల మంచిగ పని జేస్కుంటుంటే ఏంది మీ లొల్లి?" అని కసిరింది. ఆ మాటకు ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్ళం.

వీరన్న ఆ సాయంత్రం మటన్ ముట్టలేదు. అరుగు మీద కూర్చుని ఉంటే నేనూ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"ఫౌజ్‌ల కోత్ అని ఉంటది టీచరమ్మా. తుపాకులన్నీ అండ్ల పెట్టి తాళమేస్తరు. డ్యూటీ అయినంక ఎవడైనా సరే అండ్ల అప్పజెప్పాలె. తూటాలు వేరే కాడ. నా సర్వీసంతా గట్లనే అప్పజెప్పిన. ఒక్క దినం గూడ 'నన్ను నమ్మవా సాబ్' అని అడగలే. మరి ఇంటికాడ మేకెందుకు కొట్టిన్నో!"

"ఎందుకు కొట్టారంటారు?" అన్నాను.

"వచ్చేటోళ్ళకు, పోయేటోళ్ళకు కనబడాలె గద" అన్నాడు. అంత నిజం ఆయన చెబుతాడని నేను అనుకోలేదు.

లోపలినుంచి ప్రమీల వచ్చింది. పొద్దుటినుంచి ఆమె చెప్పినదేదీ ఆయన వినలేదు. ఆ మాట ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఎత్తిపొడవలేదు. "రేపటిసంది దానికి తాళముండాలె. తాళంచెవి నాకాడ ఉండాలె. తూటాలు ఏడ పెడ్తనో నీకు గూడ చెప్పను. డ్యూటీకి పొయ్యేటప్పుడు అడుగు, ఇస్త. లేకపోతే నేను నా బిడ్డను తీస్కొని మా అమ్మగారింటికి పోత" అంది. వీరన్న 'అవ్' అని తప్ప ఇంకో మాట అనలేదు. బ్యాంకు ముందు మేనేజరునే గడగడలాడించే మనిషి ఇప్పుడు రోజూ తన తూటాల కోసం భార్య ముందు చేయి చాపి నిలబడాలి. ఆమె ఇడ్లీ పిండి కలిపే పనిలో ఉంటే ఆ పని అయ్యేదాకా ఆగాలి.

వెల్డింగు షాపు జంపయ్యకు చెప్పి, తుపాకీ పొడవుకు సరిపోయే ఇనుప పెట్టె చేయించాడు. గోడకు బోల్టులు బిగించి మరీ పెట్టించాడు. జంపయ్య ఊరుకుంటాడా, "ఏందన్నా, లంకెబిందెలు దొరికినయా?" అన్నాడు. వీరన్న ఎప్పట్లా మీసం సవరించుకోకుండా ఆయనకు జరిగిందంతా చెప్పాడు. అది విన్న జంపయ్య మొహంలో నవ్వు పోయింది. ఆ సాయంత్రమే తన ఇంట్లో అటక మీద ఉన్న పత్తి పురుగుమందు డబ్బాలు దించి షాపులో పెట్టి తాళం వేసుకున్నాడట. అప్పటినుంచి వీరన్న ఈ కథ చాలామందికి చెప్పాడు. ఫోన్ల మీద ఉపన్యాసం కూడా మానలేదు, అది వేరే సంగతి. కాకపోతే ముందు తన కథ, తర్వాత ఉపన్యాసం. తల్లులు ఇప్పుడు ఫోన్లు కొంగు కింద దాచుకోవడం మరిచిపోయి వింటున్నారు.

అయితే నేను చెప్పాలనుకున్నది పెట్టె వచ్చిన మర్నాటి సంగతి. ఉషారాణి కాలు నయమైంది. పొద్దున్నే లేచి అరుగు మీద తన చోట్లో వచ్చి కూర్చుంది. వీరన్న ప్రమీలను అడిగి తాళం తీయించుకున్నాడు. అరుగు మీదికి రాలేదు. ముందు గదిలోనే ఉండి తలుపు మూసి, లోపల గడియ పెట్టుకున్నాడు. పైనుంచి నాకు మూసిన తలుపు, దాని ముందు ఆ పిల్ల వీపు కనబడుతున్నాయి. చాలాసేపు ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

వీరన్న తుపాకీ భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. కూతురు ఆయన వైపు చూడలేదు.

"నేను మంచిగ తుడవలేనా డాడీ?" అంది.

"మంచిగనే తుడిచినవ్ బిడ్డా. నాకన్న మంచిగ తుడిచినవ్."

"మరి తలుపెందుకు పెట్టుకున్నవ్? ఇగ ముట్టనని చెప్పిన గద. నా మీద నమ్మకం లేదా?"

అరుగు మెట్టు దిగిన వీరన్న మళ్ళీ ఎక్కి, భుజాన తుపాకీ ఉన్నందుకు ఆమెకు ఎడంగా నిలబడ్డాడు.

"నీ మీద ఉంది బిడ్డా. నా మీదనే లేదు" అన్నాడు.

ఆ మాటకు ఉషారాణి ఏడవలేదు. వీరన్నే ఏడ్చాడు.